కొండలరాయుడి పరదేశపు ఉలి

పూర్వం ఒక ఊళ్లో నీళ్లు తోడే ఏతాలు పాడైతే వడ్రంగులంతా ఊరికే బాగుచేసిపెట్టేవారు. వాళ్లకు పెద్ద కొండలరాయుడు. కొత్తగా చేరిన గవరమ్మ మామూలు ఉలితో చేసిన పనిని రైతులు మెచ్చుకుంటుంటే ఆయనకు కడుపు మండిపోయింది.

"పరదేశపు ఉలి లేనివాళ్లు ఏతం ముట్టుకోకూడదు" అని కట్టుబాటు పెట్టాడు. ఆ ఉలి ఊరంతటికీ ఆయన దగ్గరే ఉంది.

గవరమ్మ, ఇకనుంచి ఏ ఏతమైనా ఆయనే బాగుచేస్తారని ఇంటింటికీ వెళ్లి చెప్పొచ్చింది. మిగతా వడ్రంగులూ చేతులు కట్టుకుని కూర్చున్నారు.

మర్నాటినుంచి ఆయన గుమ్మం ముందు రైతులు బారులు తీరారు. పైర్లు ఎండిపోతున్నాయని తిట్టిపోశారు. ఆయనకు అన్నం తినే తీరిక కూడా లేకపోయింది.

నాలుగోనాడు ఆయనే గవరమ్మ ఇంటికొచ్చి, గొంతు బాగా తగ్గించి, "ఏ ఉలైనా ఫర్వాలేదు, రామ్మా. నీ పని మంచిదే" అన్నాడు.

"ఆ మాటే మీ గుమ్మం ముందు గట్టిగా అనండి బాబుగారూ. అక్కడ విన్నాక వస్తాను" అంది గవరమ్మ.