గీత గీయని రాయి

మా సోమయాజులు గారు అడిగిన ప్రశ్నకు తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినవాళ్ళను జీపెక్కించుకుని ఏ రాళ్ళగుట్ట దగ్గరికో తీసుకెళ్ళేవారు. అక్కడ ఎండలో మాడాక అసలు ప్రశ్నేమిటో మనకే గుర్తుండేది కాదు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ జీపులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకున్న రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది. అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు.

ఆయన దగ్గర నాతోపాటు పరిశోధన చేస్తున్న ఎస్తేరు ఒకనాడు సారును గట్టిగానే పట్టుకుంది. భూమికి అయస్కాంత శక్తి ఎప్పుడు, ఎట్లా పుట్టిందనేగా మా వెతుకులాట. లోపల మరుగుతున్న ఇనుము దాకా ఎవరూ పోలేదు, అది మొదలైననాడు ఎవరూ లేరు. "ఎవరు చూశారని సార్, నాలుగు రాళ్ళు పట్టుకుని ఇంత మాట అంటాం?" అంది. సారు నవ్వారు. మర్నాడు మా ఇద్దరినీ అనంతపురం వైపు బయల్దేరదీశారు.

అక్కడ నేలలోంచి గోడలా లేచిన నల్లరాయి ఉంది. రెండు వందల కోట్ల ఏళ్ళ నాటిది. కరిగిన రాయి చల్లారేటప్పుడు అందులోని సన్నటి ఇనుప రేణువులు ఆనాటి ఉత్తరం ఎటుంటే అటు తిరిగి అలాగే బిగుసుకుపోతాయి. అందుకని మిషనుతో బొటనవేలంత ముక్కను చుట్టూ తొలిచి, ఇంకా గోడకు అంటుకుని ఉండగానే, ఎండ నీడ చూసి దాని మీద ఉత్తరానికి గీత గీయాలి. విరవడం ఆ తరువాతే. గీత లేని ముక్క దిక్కు చెప్పడానికి కొరగాదు.

ఎస్తేరు థీసిస్‌కు ఆ చోటు నుంచి ఆరు ముక్కలు కావాలి. మర్నాడు క్వారీ వాళ్ళు ఆ గోడను పేల్చేస్తున్నారు. సాయంత్రానికి ఐదు వచ్చాయి. ఆరోది తొలిచేసరికి మిషన్లో పెట్రోలు అయిపోయింది. పేలుడు మందు కూరేవాళ్ళు దిగిపొమ్మని కేకలేస్తున్నారు. ఆ కంగారులో ఎస్తేరు గీత గీయకుండానే రాయిని విరిచి చేతిలోకి తీసుకుంది. చూసుకుని నీరుగారిపోయింది. మళ్ళీ రంధ్రంలో పెట్టి చూసింది గానీ, విరిగిన అంచు పొడైపోయి ఎటు తిప్పినా ఒకేలా కూర్చుంది. రెండేళ్ళ పని ఆ ముక్క దగ్గర ఆగిపోయిందని పిల్ల ఏడ్చేసింది.

మిషను పట్టే కంబగిరికి జాలేసింది. "గీసెయ్యమ్మా, ఇంచుమించు ఇట్లే కదా ఉన్నింది. ఎవురు చూసినారు?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, గీసేస్తే పీడా పోతుందని నేనూ అనుకున్నాను.

సారు కోప్పడలేదు. పెన్ను ఆమె చేతికిచ్చి, గుర్తుంటే గీయమన్నారు. ఎస్తేరు రాయిని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తిప్పింది. గుండ్రటి ముక్క, ఎటు చూసినా ఒకటే. ఒకసారి పెన్ను ఆనించింది కూడా. చివరికి మూత పెట్టి సారుకు తిరిగిచ్చేసింది. ఆ ఏడాది ఆమెకు పట్టా రాలేదు.

అప్పుడు సారు ఆమె ఒళ్ళోని ఆ రాయిని అందుకుని, కండువాతో దుమ్ము తుడిచారు.

"రెండు వందల కోట్ల ఏళ్ళు ఇది ఉత్తరం మరవలేదమ్మా," అన్నారు. "మన చేతికొచ్చి పది నిమిషాలైంది, చూసిన మనమే మరిచాం."