రెండు ఊళ్ల చుక్క

ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు చెప్పడం ఓబులేసు సార్‌కి అలవాటు లేదు. చేతికందిన వస్తువేదో వాళ్ల చేతిలో పెట్టి ఊరుకుంటారు. కదిరిలో టెలిస్కోపు పట్టిన ప్రతివాళ్లూ ఆయన శిష్యులే.

ఆ ఉదయం మల్లీశ్వరి ఆయన వరండాలోకి విసురుగా వచ్చింది. రాత్రి తను తీసిన ఫోటోలో, నక్షత్ర పటాల్లో ఎక్కడా లేని చుక్క ఒకటి పడింది. నిజంగా ఎక్కడో ఒక నక్షత్రం పేలి ఉంటే, దాన్ని మొదట చూసింది ఆమే. పెద్ద పెద్ద అబ్జర్వేటరీలకే ఆకాశం రాసిచ్చినట్టు నడుస్తున్న లోకంలో, అద్దె ఇంటి మిద్దె మీద నిలబడిన పిల్ల మొదట చూసింది! ఆ కబురు ప్రపంచానికి రాసి సిద్ధంగా పెట్టుకుంది. పంపడమే తరువాయి.

కానీ సరిగ్గా అదే వేళకి మదనపల్లిలో ఆమె స్నేహితుడు ఖలందర్ కూడా అటే గురిపెట్టాడు. అతని ఫోటోలోనూ చుక్క ఉంది. ఆమెకి కనిపించిన చోట కాదు, కాస్త పక్కన. "పంపొద్దు మల్లీ, ఉపగ్రహం మీద ఎండ తళుక్కుమని ఉంటుంది" అన్నాడు. "నీకు ఓర్వలేనితనం" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

"నక్షత్రం ఊరికో చోట ఉంటుందా సార్? మా ఇద్దరిలో ఒకరిది తప్పు. ఎవరిదో చెప్పండి. వాడిదే అన్నా నేనేం బాధపడను."

సార్ నవ్వి, జేబులోని ఇంకు పెన్ను తీసి మూత ఆమెకిచ్చారు. పెన్నును చెయ్యి చాచి గాలిలో అడ్డంగా పట్టుకున్నారు. "ఒక కన్ను మూసుకుని మూత పెట్టమ్మా. పక్క నుంచి, ఒక్క ఊపులో."

మూత పెన్ను ముందు నుంచి పోయింది. రెండోసారి పాళీ ఆమె మణికట్టుకి తగిలి నీలం చుక్క పడింది. "ఇదేం ఆట సార్!" అంది. రెండు కళ్లూ తెరిచాక మూత ఇట్టే పట్టింది.

"ఇప్పుడు ఒక్కో కన్నూ మార్చి మార్చి చూడు."

ఒక కంటికి పెన్ను గేటు ముందుంది. రెండో కంటికి గోడ ముందుకి జరిగింది. వెనకాల దూరంగా ఉన్న కొండ మాత్రం ఏ కంటికైనా ఉన్నచోటే ఉంది.

"ఏ కన్ను అబద్ధం చెప్పింది?" అని అడిగారు సార్.

ఆమె మళ్లీ ఆ కొండ వైపు చూసింది. దూరానిదైతే రెండు ఊళ్ల నుంచీ ఒక్కచోటే కనిపించాలి. తన చుక్క జరిగింది. అంత దగ్గరిది నక్షత్రం కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపమూ వచ్చింది.

"ఎవరినడిగి మన రాత్రుల్లో ఆ ఉపగ్రహాల అద్దాలు వేలాడదీశారు సార్? ఆకాశానికి కూడా యజమానులు పుట్టుకొచ్చారా?"

"ఇది మంచి ప్రశ్న. పంపితే దీన్ని పంపు" అన్నారాయన.

ఆమె రాసిపెట్టుకున్న కబురు చెరిపేసింది. ఖలందర్ నంబరు తీసి, నొక్కకుండా ఆగింది.

"వాడు ఎత్తడేమో సార్."

సార్ పెన్ను జేబులో పెట్టుకున్నారు. "ఎత్తుతాడులేమ్మా. పొద్దుట్నుంచీ వాడూ ఒంటి కన్నుతోనే కూర్చుని ఉంటాడు."