ఇరవై నాలుగు పిన్నీసుల కోడలు

దగ్గరకి జరగండర్రా. గ్లోరీ, ఆ ఫోను బోర్లా పెట్టు. బ్యూలా, నీ కాళ్ళు చల్లగా ఉన్నాయే, నా కుచ్చెళ్ళ కింద పెట్టుకో. మీ అమ్మ ఇంకా పక్కగదిలోనే ఉందా? రేపు మందిరానికి ఏది వేసుకోవాలా అని మంచం మీద రెండు జతలు పరుచుకుని ఇందాకట్నించీ నిలబడి చూస్తోంది. చూడనీ. ఆ నిలబడ్డం చూస్తేనే నాకీ కథ గుర్తొచ్చింది. ఊ కొట్టాలి మరి. మీ ఊ ఆగితే నా కథ ఆగుద్ది.

అనగనగనగా, గోదారి పాయకి ఈవలొడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ లేసు అల్లుతారు. అరుగు మీద కూర్చుని అల్లుతారు, పొయ్యి దగ్గర కూర్చుని అల్లుతారు, కబుర్లు చెప్పుకుంటా అల్లుతారు. రాజుగారా? లేడే బ్యూలా, ఈ కథలో రాజు లేడు. మందిరంలో వాక్యం చెప్పే పాస్టరు అయ్యగారున్నారు. ఆయనకి కిరీటం లేదు, సైకిలుంది.

ఆ ఊళ్ళో తబితమ్మని ఒకావిడ. ఆవిడ కొడుకు ఫిలేమోను. చేపల చెరువుల దగ్గర మేత వేసే పని. వాడికి పట్నం నుంచి కోడల్ని తెచ్చుకుంది. పేరు కెజియా. మందుల షాపులో పనిచేసిన పిల్ల, చుడీదారు వేసుకుని స్కూటీ నడిపిన పిల్ల. బంగారం లాంటి పిల్లేగానీ ఒక్క జబ్బుంది. ఎవరేం చెప్పినా సరేనండి అంటుంది. కూరలో ఉప్పెక్కువైందని మావగారంటే సరేనండి. చాల్లేదని అత్తగారంటే సరేనండి. ఒకటే కూర!

పెళ్ళినాడు ఏమైందంటే, జాకెట్టు చేతులు బెత్తెడే ఉన్నాయని మందిరంలో ఎవరో ఎవరి చెవిలోనో అన్నారంట. ఆ మాట చెవీ చెవీ తిరిగి చివరికి ఈ పిల్ల చెవికొచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది, లేవదు.

ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. మూడో నెల వచ్చాక ఆదివారం నాడు ప్రతిష్ఠ, అంటే బిడ్డని దేవుడికి అప్పగించే ప్రార్థన, పెట్టుకున్నారు. ఆ మందిరంలో ఒక పద్ధతుంది. తల్లి బిడ్డనెత్తుకుని గుమ్మం దగ్గర్నుంచి అయ్యగారి బల్ల దాకా ఒక్కతే నడిచి రావాలి. అప్పుడు ప్రార్థన చేసి పేరు పెడతారు. ఊరు ఊరంతా చూస్తుంది. కెజియాకి అదే బెంగ. పెళ్ళినాడు నాకు మాటొచ్చింది, పోనీ. ఈ ఆదివారం నా మూలంగా నా పిల్లకి మాట రాకూడదు. దేవుడి ముందూ బాగుండాలి, మనుషుల ముందూ బాగుండాలి, ఏం కట్టుకోను?

ఊ కొడుతున్నారా? ఆఁ.

అత్తగారినడిగింది. తబితమ్మ పెట్టె తీసి తెల్లచీర ఇచ్చింది. మా అత్తగారు నాకిచ్చింది, మందిరానికి తెల్లచీరే అందం అంది. సరేనండి అంది కోడలు.

కట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే ఆడపడుచు సెలీనా వచ్చింది. కాలేజీలో చదువుతోంది, నోరెక్కువ. "వదినా, పిల్లనెత్తుకుని చెయ్యి లేపావంటే నడుం దగ్గర కిటికీ తెరుచుకుంటుంది చూసుకో!" అంది.

నిజమే. చుడీదారులో కనపడని నడుం చీరలో కనపడుతోంది. మరేం చెయ్యను అనడిగింది. లోపల నైటీ వేసేసుకో, కిటికీ మూసుకుపోద్ది అంది సెలీనా. ఎగతాళికే అంది. ఈ పిల్ల సరేనంది.

ఇక్కడో మాట చెప్పనీండి, నాకు ఇప్పటికీ అర్థం కాదిది. నైటీ మెడ నుంచి మడమ దాకా కప్పుద్ది కదా. అయినా అది వేసుకుని వీధి గుమ్మం దాటకూడదంటారు. అదే నైటీ భుజాన ఒక తువ్వాలు ముక్క వేసుకుంటే కిరాణా కొట్టు దాకా వెళ్ళొచ్చు. చీరలో నడుం కనపడుద్ది, అయినా చీరే మర్యాద. ఆ తువ్వాల్లో ఏముందో మరి. ఇన్నేళ్ళూ నేనూ వేసుకునే వెళ్ళానుగానీ ఎవర్నీ అడగలేదు.

సరే. మర్నాడు దీవెనమ్మ వచ్చింది. దీవెనమ్మంటే సంఘ పెద్దగారి భార్య, స్త్రీల కూడిక ఆవిడే నడుపుద్ది. లేసు పనిలో ఆవిడంత చెయ్యి ఆ ఊళ్ళో లేదు, లేసు కత్తెర ఎప్పుడూ తాడు కట్టి బొడ్లో ఉంటుంది. ఆవిడ చీర చూసింది, బాగుందంది. జాకెట్టు చేతులు చూసింది. ఇంకోసారి చూసింది.

"ఏం చెయ్యమంటారు పెద్దమ్మగారండి?" అంది కెజియా.

"నేనేం అంటానమ్మా. మణికట్టు దాకా ఉంటే నిండుగా ఉంటుంది. కొత్తది కుట్టించడానికి టైమేదీ? చలికాలం స్వెట్టరుందిగా, వేసేయ్."

మే నెలర్రా! కాకులు కూడా నోళ్ళు తెరుచుకుని కూర్చునే ఎండలు. సరేనండి అంది కోడలు.

సాయంత్రం దీవెనమ్మ మళ్ళీ వచ్చింది. స్వెట్టరు చూసింది. అమ్మాయ్, ఇది ఒంటికి పట్టేసినట్టుంది, దీని మీద ఒక చున్నీ వేసుకో అంది. సరేనండి.

ఇంక మిగిలిందెవరు? మొగుడు. నేనెలా ఉన్నానండీ అనడిగింది. ఫిలేమోను పాపం చెరువు గట్టు మీంచి అప్పుడే వచ్చాడు. నువ్వెలా ఉన్నా నాకు బానే ఉంటావే అన్నాడు. అది సమాధానం కాదుగా, మళ్ళీ అడిగింది. ఎండలో నడవాలి, పైగా పిల్లనెత్తుకుంటే నెత్తి మీద ముసుగు జారిపోద్ది, నా తువ్వాలు చుట్టుకో అన్నాడు. మంచికే చెప్పాడు. అందరూ మంచికే చెప్పారు. అదే వచ్చిన తంటా.

అలా ఆదివారం తెల్లారింది. చెప్పండి నాతోపాటు. జాకెట్టు మీద నైటీ, నైటీ మీద చీర, చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద చున్నీ, చున్నీ మీద తువ్వాలు. ఇవన్నీ జారకుండా పిన్నీసులు. ఎన్ని? ఇరవై నాలుగు. లెక్కపెట్టింది సెలీనా, నవ్వుకుంటా. కళ్ళు తప్ప ఏమీ కనపడ్డంలేదు. తెల్లవారుజామునే పిల్లకి పాలిచ్చేసి ఇదంతా కట్టుకుంది.

వీధిలో నడిచింది. కుక్కలు మొరిగాయి. లేసు అల్లేవాళ్ళు సూది ఆపి చూశారు. పాల కేను సైకిలు దిగి చూసింది, అంటే కేనుతో వెళ్ళే ఆయన. ఎవరి చూపూ పడకూడదని కట్టుకున్న బట్టల మీద ఊరి చూపంతా పడింది. కెజియాకి అర్థం కాలేదు. ఇంకా ఏదో తక్కువైందేమో అనుకుని ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది.

మందిరంలో గంట కొట్టేవాడు జెబూలూను. కొంచెం తిక్కవాడు, మంచివాడు. గుమ్మంలో తెల్లగా ఏదో నిలబడి ఉందని చూశాడు. కాళ్ళు కనపడవు, చేతులు కనపడవు, మొహం కనపడదు. దెయ్యమండోయ్ అని గంట తాడు పట్టుకుని వేలాడాడు. గంట ఆగకుండా గణగణా మోగింది. నవ్వకే బ్యూలా, ఇంకా ఉంది.

ఆ గంటకి చంటిది ఉలిక్కిపడి లేచింది. లేచి అమ్మ కోసం చూసింది. అమ్మేది? పైన తువ్వాలుంది. చెయ్యి చాపింది. స్వెట్టరు తగిలింది. వాసన చూసింది. పెట్టెలో నాఫ్తలిను గోళీల వాసన. ఇంక ఎత్తుకుంది రాగం! ఎవరో ఎత్తుకుపోతున్నారనుకుందేమో. ఒళ్ళు విల్లులా వంచేసి, ఎర్రగా కందిపోయి, ఊపిరి బిగబట్టేసి ఏడుపు.

కెజియా బల్ల దాకా నడిచింది. అయ్యగారు చేతులు చాపారు. ఆయన చేతుల్లోనూ ఏడుపే. ప్రార్థన మొదలుపెట్టారు, వినపడలేదు. అత్తగారు ఎత్తుకుంది, ఏడుపే. ఫిలేమోను ఎత్తుకున్నాడు, ఏడుపే. ఏడ్చి ఏడ్చి పిల్ల పెదాలు నీలంగా తిరిగాయి. అప్పుడు తబితమ్మ గట్టిగా అంది: "దానికి ఆకలేస్తోందర్రా! పాలివ్వవే అమ్మాయ్!"

అప్పుడర్రా, అప్పుడు అందరూ కెజియా వైపు చూశారు. ఇంతమంది ఇన్ని కట్టించారే, పిల్ల పాలెక్కడ తాగాలి అని ఒక్కరూ అడగలేదు. తల్లయి ఉండీ ఆ పిల్లా అనుకోలేదు. జాకెట్టు హుక్కులేమో నైటీ లోపల. నైటీకి ముందు జిప్పు లేదు. పైనేమో ఇరవై నాలుగు పిన్నీసులు. ఆ పిల్ల ఒక పిన్నీసు పట్టుకుని లాగుతోంది. "అత్తయ్యగారండీ, నాకు రావట్లేదండీ, ఊడట్లేదండీ" అని ఏడుస్తోంది. సరేనండి తప్ప ఇంకో జవాబు ఆ నోట రావడం అదే మొదలు.

అయ్యగారు మొహం తిప్పుకుని గోడ వైపు నిలబడ్డారు. ఆయన్ని చూసి మగాళ్ళందరూ గోడ వైపు తిరిగారు. జెబూలూను రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు, వాడు భయంతోలే.

తబితమ్మ తువ్వాలు లాగింది. మొహం కనపడింది. పిల్ల టక్కున ఆగింది. చూసింది. అమ్మే! గుర్తుపట్టింది. గుర్తుపట్టి, ఇంతసేపూ ఎక్కడికి పోయావని మళ్ళీ రాగం ఎత్తుకుంది. సెలీనా చున్నీ లాగింది. పిన్నీసులు టపటపా రాలాయి. స్వెట్టరు లాగారు. ఇంక చీర పక్కకి జరపాలి, నైటీ ఉంది. ఏదన్నా అడ్డం పట్టండర్రా అని అరిచింది తబితమ్మ. ఫిలేమోను గోడ వైపు మొహం పెట్టుకునే పరిగెత్తి, గుమ్మానికున్న తెర ఊడబెరికి వెనక్కి నడుచుకుంటా తెచ్చిచ్చాడు. పట్టి చూస్తే ఏముంది, లేసు తెర! ఊరి ఆడవాళ్ళంతా కలిసి అల్లింది. అన్నీ చిల్లులే. అంత ఏడుపులోనూ సెలీనా ఫక్కున నవ్వింది.

అప్పుడు దీవెనమ్మ లేచింది. గబగబా వచ్చి, నెత్తి మీద ముసుగు తీసేసి, ఆ కొంగు రెండు చేతులతో బారెడు చాపి, కెజియాకి వీపు పెట్టి నిలబడింది. "చూస్తారేం, లెండే!" అని ఒక్క కేక. ఇంకొకావిడ లేచింది, కొంగు చాపింది. ఇంకొకావిడ. ఇంకొకావిడ. ఎనిమిది మంది చుట్టూ నిలబడ్డారు. ఎనిమిది కొంగులు కలిసి గోడ కట్టినట్టయింది. ఆ గోడ లోపల ఒక తల్లి, ఒక పిల్ల.

దీవెనమ్మ తన కొంగు పక్కావిడ చేతికిచ్చి, బొడ్లో కత్తెర తీసి, నైటీ ముందువైపు కుట్టు సర్రున కోసేసింది. నిండుగా ఉండాలన్న ఆవిడే కోసేసింది. కోస్తా, "నా బుద్ధి మండా, స్వెట్టరేంటి నేను చెప్పడమేంటి" అని గొణుక్కుందంట.

ఇంక ఏడుపు లేదు. మందిరం మొత్తం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గుటక, గుటక, గుటక. చివరి బెంచీ దాకా వినపడిందంట.

అయ్యగారు గోడ వైపు నిలబడే ప్రార్థన చేశారు. పేరేం పెట్టమంటారు అనడిగారు. ఫిలేమోను పట్నం నుంచి పెద్ద పేరేదో రాసుకొచ్చాడు, కంగారులో మర్చిపోయాడు. తబితమ్మ అంది: "నెమ్మది. నెమ్మది అని పెట్టండయ్యా." అదే పెట్టారు.

ఊ కొడుతున్నారా? నిద్రపోయారనుకున్నాను.

పిల్ల తాగి పడుకున్నాక కొంగులు దించుకున్నారు. అప్పుడు చూసుకున్నారు. ఎనిమిది మందిలో ఒక్కరి నెత్తినా ముసుగు లేదు. చేతులు పైకెత్తి నిలబడ్డారేమో, ఎనిమిది కిటికీలూ తెరుచుకునే ఉన్నాయి. జాకెట్ల చేతులు ఎంతున్నాయో ఎవరికీ గుర్తులేదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. కెజియా నైటీ ముక్క తీసి పక్కన పడేసి, ఉత్త తెల్లచీరలో, కొంగు తిన్నగా వేసుకుని, పిల్లనెత్తుకుని నడిచి వెళ్ళింది. కుక్కలు మొరగలేదు.

తర్వాత అందరూ బావున్నారు. దీవెనమ్మ ఆ కూడికలో ఇంకెప్పుడూ చేతుల పొడవు మాటెత్తలేదంట. పాలిచ్చే తల్లుల కోసం మందిరంలో ఒక మూల గుడ్డ తెర కట్టించింది. లేసుది కాదు, మందపాటిది. సెలీనా ఉద్యోగానికి ప్యాంటు వేసుకునే వెళ్తుంది, నెమ్మది వాళ్ళమ్మ స్కూటీ మళ్ళీ బయటికి తీసింది.

అంటే ఏం వేసుకున్నా పరవాలేదా అంటావేంటి గ్లోరీ? అలా అన్లేదే నేను. అణుకువ మంచిదే. ఒళ్ళు దేవుడిచ్చింది, దాన్ని చులకన చెయ్యకూడదు. కానీ ఎంత కప్పితే అణుకువ అంటే, నాకు తెలీదమ్మా. యాభై దాటాక కదా నాకు అక్షరాలొచ్చింది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటా బైబిల్లో వాక్యమంతా వెతికాను. ఓడ ఎన్ని మూరలో రాసుంది. గుడారం తెరలు ఎన్ని మూరలో రాసుంది. జాకెట్టు చేతులు ఎన్ని మూరలో ఎక్కడా కనపడలేదు. నా చదువు చాల్లేదేమో మరి. కనపడితే నాకు చెప్పు.

నాకు తెలిసిందల్లా ఒకటే. ఏది కట్టుకున్నా నీ పిల్ల నిన్ను గుర్తుపట్టాలి. పక్కవాళ్ళకి అడ్డం పట్టడానికి నీ కొంగో చున్నీయో చాలాలి. మిగతాది నువ్వూ దేవుడూ చూసుకోండి.

అదిగో, మీ అమ్మ లైటు తీసేసింది. ఏది ఎంచుకుందో పొద్దున్నే చూద్దాం. ఏది వేసుకొచ్చినా బావుందనే అనాలి మనం, విన్నారా?

కథేమో కంచికెళ్ళిపోయింది, మనమేమో దుప్పట్లోకి. పాదాల దాకా లాక్కోండి. బ్యూలా, మరీ మొహం మీదకి వద్దే, పొద్దున్న నిన్ను గుర్తుపట్టాలి కదా నేను.