తేలే మడి మీద నక్క ఒట్టు

మంచుకొండల నడుమ ఓ సరస్సు. అక్కడ కూరమడులు నేల మీద ఉండవు, నీళ్ల మీద తేలుతుంటాయి. తుంగా బురదా పరిచి, నాలుగు మూలలా గుంజలు దించి నిలబెడతారు. గుంజలు ఊడితే మడి కాయగూరలతో సహా ఊరేగుతుంది. ఆ ఊళ్లో దొంగలు కూరలెత్తుకుపోరు. తోటనే లాక్కుపోతారు.

ఈ ఒడ్డున గొర్రెలు, అవతలి ఒడ్డున చిరుత. మధ్యలో నక్క రాజకీయం.

నక్క తొలుత చిరుతను తిట్టి పేరు తెచ్చుకుంది. ఒక్క గొర్రెపిల్లను కూడా పోనివ్వనంది. మరుసటేడు చిరుత కొలువులో మంత్రి అయింది. ఆకలన్నది చిరుత అంతర్గత వ్యవహారమని సెలవిచ్చింది. ఓడ ఎక్కేదాకా ఓడమల్లన్న, దిగాక బోడిమల్లన్న. ఆ తర్వాత ఇద్దరికీ చెడి, చిరుత దాన్ని ఆరు నెలలు బొరియలోనే నిర్బంధించింది. బయటికొచ్చేసరికి త్యాగమూర్తి అయిపోయింది.

జూనీ అనే గొర్రె ఇవేవీ మరిచిపోలేదు. నక్క మంత్రిగా ఉన్న ఏడే జూనీ పెద్దపిల్ల చిరుత పాలయింది. ఇక మిగిలింది ఒక్కటే.

చలి ముంచుకొస్తుంటే నక్క మళ్లీ వచ్చింది. ఒడ్డునానుకున్న మడి మీద నిలబడి, ఈ చోటు నుంచి కాలు కదపనని ఒట్టేసింది. మంచు పడ్డాక చిరుత ఒడ్డు చుట్టి వస్తుందనీ, నీళ్లలో మాత్రం దిగదనీ, పిల్లల్ని మడి మీదికి పంపితే తనే కాపలా కాస్తాననీ చెప్పింది. గొర్రెలన్నీ తలలూపాయి. ఊపడం వాటికి అలవాటు.

జూనీ గుంజల వంక చూసింది. మూడు పీకేసి ఉన్నాయి. నాలుగోది ఊరికే ఆనించి ఉంది. గాలి చిరుత ఒడ్డుకే వీస్తోంది. పక్కనున్న బాతు కూడా చూసి నోరు తెరవబోతే, అరిస్తే మనల్నే ద్రోహులంటారని జూనీ ఆపింది.

"నక్కన్నా, పోయినసారీ మాటిచ్చావు," అంది జూనీ.

"అప్పటి పరిస్థితులు వేరు చెల్లెమ్మా."

"మేం మొక్కుకుంటే ముడి వేస్తాం. మొక్కు తీరాకే విప్పుతాం. నీ ఒట్టుకూ ఓ ముడి పడితే మాకు ధైర్యం."

"వేయండి. ఎక్కడ?"

"తోకకి. మెడ దండలకి కావాలిగా."

దండల మాట నక్కకి నచ్చింది. బాతు దాని తోకను మడిలోని తుంగకి బిగించింది. ఒకటికి ఏడు ముళ్లు వేసింది.

"ఇక పిల్లల్ని ఎక్కించండి," అంది నక్క.

జూనీ తల వంచి నాలుగో గుంజను ఒక్క పోటు పొడిచింది. మడి కదిలింది.

"చెల్లెమ్మా, ఇది పోతోందే!"

"నువ్వు మాత్రం కాలు కదపలేదన్నా," అంది బాతు. "మాట మీద నిలబడ్డం ఇదే మొదలు."

నక్క సరస్సు నడిమి దాకా ఉపన్యాసమిచ్చింది. తర్వాత గొంతు తగ్గింది. అవతల చిరుత ఒడ్డుకొచ్చి కూర్చుని, పిల్లలేవని అడిగింది.

"ఈసారి నా అనుభవం తెచ్చాను ప్రభూ."

"సరే," అంది చిరుత. "ఈ పూటకి అది చాలు."

ఇవతల గొర్రెలు ఇంకా తలలూపుతూనే ఉన్నాయి. జూనీ పిల్లను దగ్గరికి లాక్కుని నాకుతూ ఉండిపోయింది.

నీతి: కాపలా కాస్తానన్నవాడి ఒట్టు తర్వాత, ముందు వాడి గుంజలు చూడు.