గులాబీ మేసిన మేక

అనగనగా ఒక రాజకూతురు. ఆమె తన చేతులారా ఒక గులాబీ మొక్కను చంపింది. చంపి ఊరుకోలేదు, మేక మేసిందని అబద్ధం చెప్పింది.

జరిగిన తప్పు ఇదీ. ఎలా జరిగిందో ఇక వినండి.

ఆ రాజకూతురి పేరు హేమవల్లి. కుంభగిరి రాజుకి ఒక్కతే కూతురు. ఆమె మేనత్తకి ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల కాలజంఘుడనే మాంత్రికుడుండేవాడు. వాడి కన్ను ఏ రాజ్యం మీద పడితే ఆ రాజ్యం మబ్బుల్ని మూటగట్టి ఎత్తుకుపోయేవాడు. మేనత్తగారి రాజ్యం మబ్బుల్నీ అలాగే ఎత్తుకుపోయాడు. వాటిని తేవడానికి పెద్దకొడుకు వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోకొడుకు వెళ్ళాడు, రాయైపోయాడు. మిగిలింది మూడోవాడు ఉదయసేనుడు. హేమవల్లిని ఇస్తామని చిన్నప్పుడే అనుకున్న బావ.

బయల్దేరేముందు ఉదయసేనుడు ఆమె వేలికి బంగారు ఉంగరం తొడిగి, చేతికి ఒక గులాబీ మొక్క ఇచ్చాడు.

"హేమా, నా ప్రాణం ఇందులో పెట్టి వెళుతున్నాను. ఇది పూస్తున్నన్నాళ్ళూ ఏ మంత్రమూ నన్ను తాకదు. ఇది అడవిలో తవ్వి తెచ్చిన వేరు మీద కట్టిన అంటు. ఇదిగో, ఈ ముడి కిందనుంచి వచ్చే..."

"తెలుసులే బావా! అరవై నాలుగు కళలూ నేర్చినదాన్ని. పూలమొక్కకి నీళ్ళు పోయడం నాకు నేర్పాలా?"

ఉదయసేనుడు ఆమె ముఖంలోకి చూసి, గుర్రమెక్కాడు.

హేమవల్లి సోమరి కాదు. ఆ మాట చెప్పుకోవాలి. మొక్కను తన మేడ కిందే నాటి, పేడనీళ్ళు పోసింది, చేపల ఎరువు వేసింది. మొదట్లో ముడి పైనున్న కొమ్మ పూసింది. దాని రెమ్మకి అయిదేసి ఆకులు. కొన్నాళ్ళకి ముడి కిందనుంచి, మట్టిలోంచి, మూడు పిలకలు పొడుచుకొచ్చాయి. వాటి రెమ్మకి ఏడేసి ఆకులు. అవి రోజురోజుకీ మేడకేసి ఎగబాకుతుంటే హేమవల్లి పొంగిపోయింది. కనిపించినవాళ్ళందరినీ పిలిచి, "చూశారా నా చేతి చలవ!" అనేది.

"పెరగడమైతే బాగానే పెరిగిందమ్మా, పూలేవీ?" అని వంటమనిషి అడిగితే, "ఒళ్ళు చేస్తోంది, తరవాత పూస్తుంది. నీకేం తెలుసు?" అంది.

ఒళ్ళు చేసింది పిలకలు. పిలకలు సారమంతా లాగేసుకుంటుంటే పైకొమ్మ ఎండుతూ వచ్చింది. ఆఖరి పువ్వు రాలిన ఉదయం హేమవల్లి వేలి ఉంగరం బరువెక్కింది. చూసుకుంటే బంగారం కాదు, నల్లరాయి. అన్నల్లాగే బావా రాయైపోయాడన్నమాట.

రాజు పరుగున వచ్చాడు. "ఎవరి పని ఇది?"

అదే సమయానికి కోట వెనక పాలమ్ముకు బతికే సూరమ్మ మేక, నోట్లో ఏదో ఆకు పెట్టుకుని కంచె పక్కన నిలబడి ఉంది.

"మేక" అంది హేమవల్లి.

ఒక్క మాటే. మేకలు గులాబీలు మేస్తాయని పసిపిల్లలకైనా తెలుసు కాబట్టి ఎవరూ మారు ప్రశ్న వేయలేదు. సూరమ్మను మేకతో సహా ఊరు దాటించమన్నాడు రాజు. ఆమె ఏడవలేదు, మొత్తుకోలేదు. పాలకుండ నెత్తిన పెట్టుకుని, మేక పలుపు చేతబట్టుకుని వెళ్ళిపోయింది. మేడ కిందికి రాగానే మేక ఆగి తలెత్తి చూసింది. హేమవల్లి కిటికీ మూసేసింది.

ఆనాటినుంచి ఆమెకు ముద్ద దిగలేదు. "పాపం, ఎంత శ్రద్ధగా పెంచుకుంది తల్లి!" అని ఎవరైనా అంటే తిట్టినట్టుండేది. ఆ ఎరుపెక్కిన ముఖం చూసి వాళ్ళు ఇంకా జాలిపడేవాళ్ళు. ఆ జాలి తట్టుకోలేక, "బావను నేనే తెచ్చుకుంటాను" అని చెప్పి ఒంటరిగా బయల్దేరింది.

అడవి మొదట్లో ఒక పూరిపాక. పాక ముందు మేక.

"ఏం రాజకుమారీ, నేను మేసిన మొక్క కులాసాయేనా?" అంది మేక.

మేకలు మాట్లాడతాయా అని ఆశ్చర్యపోయే తీరిక కూడా లేకపోయింది హేమవల్లికి. చెవుల దాకా వేడెక్కిపోయింది.

"సూరమ్మ ఏదీ?"

"కట్టెలు ఏరుకోవడానికి వెళ్ళింది. పాలు కొనేవాళ్ళు లేనిచోట మేకను పెట్టుకుని ఏం చేసుకుంటుంది? సరే, పద, నేనూ వస్తాను. మేసినదాన్ని కదా, నాకూ బాధ్యత ఉంటుంది."

ఇద్దరూ నడిచారు, నడిచారు, ఇసుక దేశం చేరారు. అక్కడ సముద్రపు ఒడ్డున ఒక ఒంటె కూచుని ఉంది. దాని ముందు మాడిపోయిన గులాబీ మొక్క.

"దీన్ని పూయించు, రెండు సముద్రాలు దాటిస్తాను. నాకు నీళ్ళైనా ఇసుకైనా ఒకటే" అంది ఒంటె. "అవునుగానీ, ఈ మేకెవరు?"

"నేనా? రాజకుమారిగారి గులాబీని మేసిన మేకని" అంది మేక.

హేమవల్లి తల వంచుకుంది.

మొక్కకి గంట గంటకీ గుక్కెడు నీళ్ళు చిలకరించింది. ఆకులు ఇంకా మాడాయి. "తెలుసులే" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "నువ్వెలా బతుకుతున్నావు ఇక్కడ?" అని ఒంటెను అడిగింది.

"ఒకసారి కడుపునిండా తాగుతాను. మళ్ళీ చాలా రోజులు తాగను. మిట్టమధ్యాహ్నం నీడన కూచుంటాను."

హేమవల్లి మొక్క చుట్టూ లోతుగా పాదు చేసింది. తెల్లవారుజామున వేరు దాకా దిగేలా నీళ్ళు పోసి, మళ్ళీ మట్టి ఎండేదాకా ముట్టుకోలేదు. పాదులో ఎండుగడ్డి పరిచి, పడమటివైపు తడిక కట్టింది. మొక్క పూసింది. ఒంటె రెండు సముద్రాలు దాటించింది.

ఆ ఒడ్డున మంచు దేశం. అక్కడొక ఎలుగుబంటి. "ఏటా చలికి నా గులాబీ నేలదాకా చచ్చిపోతోంది. దీన్ని బతికిస్తే రెండు సముద్రాలు దాటిస్తాను. నేను ఊదితే నీళ్ళు గడ్డకడతాయి, నడిచి పోవచ్చు. ఈ మేకెవరమ్మా?"

"రాజకుమారిగారి గులాబీని మేసిన మేకని."

"ఛీ, పాడు మేక!" అంది ఎలుగుబంటి. హేమవల్లి మంచుకేసి చూస్తూ నిలబడింది. అంత చలిలోనూ ఆమెకు చెమట పట్టింది.

"చలికాలం నువ్వేం చేస్తావు?" అని ఎలుగును అడిగింది.

"గుహలో దూరి గడ్డి కప్పుకుని పడుకుంటాను. మధ్యలో ఎవరైనా లేపితే చస్తాను."

హేమవల్లి మొక్క మొదట్లో, ముడి మునిగేదాకా మట్టి ఎగదోసి, పైన గడ్డి కప్పింది. చలికాలమంతా కత్తి పట్టలేదు. మంచు కరిగి మొగ్గలు ఉబ్బాకే ఎండిన కొమ్మలు తీసింది. మొక్క పూసింది. ఎలుగుబంటి రెండు సముద్రాలు దాటించింది.

ఆ ఒడ్డున వాన దేశం. ఎప్పుడూ ముసురే. అక్కడొక కొంగ. దాని గులాబీకి నీళ్ళకి కొదవ లేదు, కానీ ఆకుల నిండా నల్లమచ్చలు.

"దీన్ని బాగుచేస్తే మిగిలిన మూడు సముద్రాలూ ఎగిరి దాటిస్తాను. ఈవిడెవరు?" అంది, మేకకేసి చూస్తూ.

మేక నోరు తెరిచింది. అంతలో హేమవల్లి ముఖంలోకి చూసి, "మేకని" అని మాత్రం అంది.

ఆ దయ, అంతకుముందు రెండుసార్లు అన్న మాటకంటే లోతుగా గుచ్చుకుంది.

"కొంగమ్మా, ఇంత తడిలో నీ రెక్కలు కుళ్ళిపోవా?"

"వాన వెలిసిన వెంటనే రెక్కలు విప్పి గాలికి ఆరబెట్టుకుంటాను."

హేమవల్లి మొక్క నడిమధ్యన ఒకదాన్నొకటి రాసుకుంటున్న కొమ్మలు తీసేసి గాలి ఆడేలా చేసింది. రాలిన మచ్చల ఆకులన్నీ ఏరి తగలబెట్టింది. కొత్త ఆకు శుభ్రంగా వచ్చింది, మొక్క పూసింది. కొంగ వాళ్ళని మాంత్రికుడి దీవిలో దించింది.

దీవి నిండా రాతి మనుషులే. ఆ చివర ముగ్గురు అన్నదమ్ములు వరసగా నిలబడి ఉన్నారు. ఉదయసేనుడి చెయ్యి, ఎవరికో ఏదో చెప్పబోతున్నట్టు, సగం లేచి ఉంది. హేమవల్లి ఆ చేతికేసి చూడలేకపోయింది.

మేడలో ఒక పంజరం, పంజరంలో చిలక.

"మెడ నులమడానికేనా?" అంది చిలక విసుగ్గా. "మా అన్నలిద్దరినీ మీ రాజకుమారులు అలాగే నులిమేశారు. ఎవడు పుట్టించాడోగానీ, మాంత్రికుడంటే చిలకలో ప్రాణమట! వాడి ప్రాణం నాలో లేదు తల్లీ. వచ్చినవాళ్ళని బోల్తా కొట్టించడానికి నన్నిక్కడ కట్టేశాడు. ఇంతకీ ఈ మేకెవరు?"

మేక ఈసారి పక్కకి తిరిగి గోడకేసి చూస్తూ నిలబడింది.

హేమవల్లి పంజరం దగ్గరికి వచ్చింది. "అది సూరమ్మ మేక. మా బావ ప్రాణమున్న గులాబీని అది మేసిందని నేను చెప్పాను. అది మేయలేదు. నేనే చంపాను. మేడ ఎత్తు పెంచానని మురిసిపోతూ చంపాను."

చిలక మెడ నిక్కించింది. "మేడ ఎత్తా? రెమ్మకి ఎన్ని ఆకులు?"

"పూసిన కొమ్మకి అయిదు. పైకి పాకినవాటికి ఏడు."

"దొరికాడు!" అని రెక్కలు కొట్టుకుంది చిలక. "వాడు తన ప్రాణాన్ని అడవి గులాబీ వేరులో దాచాడు. అది పిలకలై బయటికొస్తుంది, వాటిని మొదలంటా పెరికితే వాడు చస్తాడు. ముళ్ళ వేరును ఎవరు ముట్టుకుంటారనుకున్నాడు. మీ బావ పాపం ఆ వేరునే తవ్వి అంటు కట్టాడు. ఎక్కడో ఎవరో మహాతల్లి పేడనీళ్ళు పోసి తనని మేపుతోందని వాడు రోజూ నవ్వేవాడు. ఆ తల్లివి నువ్వేనన్నమాట! మేక మేసిందనే చెప్పి ఉంటే నాకు ఈ ముక్క తెలిసేదే కాదు."

"అంటే నేను నిజంగానే పిలకల్ని వేరుదాకా మేసి ఉంటే వాడు చచ్చేవాడన్నమాట" అంది మేక.

హేమవల్లికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈలోపు మేడ అదిరింది. కాలజంఘుడు వచ్చాడు.

"ఇంకొకతెవా? చిలక కోసమేనా?" అని పళ్ళికిలించాడు.

హేమవల్లి వాడి కాళ్ళ మీద పడింది. "నాకేం తెలుసు స్వామీ! చిలకలో ఏదో ఉందని అందరూ అంటే వచ్చాను."

నాకేం తెలుసు అనడం ఆమె బతుకులో అదే మొదటిసారి. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "తీసుకుపో, తీసుకుపో! ఇంటికెళ్ళి తీరిగ్గా నులుముకో!" అని పంజరం చేతిలో పెట్టాడు. ఇంత మొద్దు పిల్లను రాయిగా మార్చడం కూడా దండగనుకున్నాడు.

కొంగ మూడు, ఎలుగు రెండు, ఒంటె రెండు సముద్రాలు దాటించాయి. ఇంటికి రాగానే హేమవల్లి మొక్క దగ్గర మోకాళ్ళ మీద కూచుంది. పిలకను కోస్తే ఒకటి రెండవుతుంది, వేరు దగ్గరనుంచి పెరకాలి. మట్టి తవ్వి, ఉత్త చేతులతో మొదటి పిలక పెరికింది. ఏడు సముద్రాల అవతల కాలజంఘుడి కాళ్ళు చచ్చుబడ్డాయి. రెండోది పెరికింది. వాడి కళ్ళు పోయాయి. మూడోది పెరికింది. వాడి ఊపిరి ఆగింది, మబ్బుల మూట చిరిగింది. పెరికిన పిలకలను మేక ముళ్ళతో సహా నమిలేసింది.

"ఇప్పుడు నిజంగా మేశాను" అంది.

తరవాత హేమవల్లి ముడి పైన బెరడును గోటితో గీకి చూసింది. లోపల సన్నగా, పచ్చగా! ఒంటె చెప్పినట్టు నీళ్ళు పోసింది, ఎలుగు చెప్పినట్టు చలికి కప్పింది, కొంగ చెప్పినట్టు గాలి ఆడనిచ్చింది. అయిదాకుల చిగురొచ్చింది. మొగ్గ వేసింది. అది విచ్చుకున్న పొద్దున ఉంగరం బంగారమైంది, దీవిలోని రాళ్ళన్నీ మనుషులై లేచాయి.

పెళ్ళికి మేళాలు మోగుతున్నాయి. "మేక సంగతి ఇప్పుడెందుకమ్మా? నాలుగు వరహాలిచ్చి సూరమ్మను పిలిపించేద్దాం. అందరూ మరిచిపోయారు" అన్నాడు రాజు.

"నేను మరిచిపోలేదు నాన్నగారూ."

హేమవల్లి తనే వెళ్ళి సూరమ్మను తీసుకొచ్చింది. పీటల మీద కూచునేముందు, నిండు సభలో, ఆమె ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది. మేళాలు ఆగిపోయాయి. ఉదయసేనుడు వింటున్నాడు. తాను మధ్యలో తుంచేసిన అతని మాటను కూడా ఆమె వదల్లేదు.

"మేక మేయలేదని నాకు అప్పుడే తెలుసమ్మా. మేసి ఉంటే పాలు ఆ వాసన వేసేవి" అంది సూరమ్మ.

"మరి చెప్పలేదేం?"

"రాజుగారి బిడ్డే మేక మేసిందన్నాక, మేక మాట ఎవరు వింటారు?"

సూరమ్మ జవాబు కోసం ఆగలేదు. మేకను కట్టేయడానికి నీడ ఎక్కడుందో చూసుకుంది.

పెళ్ళయింది. ఉదయసేనుడు, హేమవల్లి చాలాకాలం రాజ్యమేలారు, పిల్లాపాపలతో చల్లగా ఉన్నారు. ఆ గులాబీ పేరు దేశదేశాలకూ పాకింది. ఇసుక దేశంనుంచి, మంచు దేశంనుంచి, వాన దేశంనుంచి జనం అంట్ల కోసం వచ్చేవాళ్ళు. పెళ్ళినాడే హేమవల్లి ఒక నిర్ణయం చేసుకుంది: అంటు చేతికిచ్చేముందు, దీన్ని నేనొకసారి చంపాను, నేరం మేక మీద వేశాను అని చెప్పాలి. ముడిని చూపించి, కింద ఏడాకులొస్తే ఏం చేయాలో ఆ తరవాత చెప్పాలి.

రాజులొచ్చినా చెప్పింది, కూలివాళ్ళొచ్చినా చెప్పింది. సొంత మనవరాళ్ళకి కూడా చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ముఖం ఎర్రబడేది. జుట్టంతా నెరిసిపోయాక కూడా, ఆ మాట చెప్పకుండా ఒక్క అంటైనా ఆమె చేతినుంచి బయటికి పోలేదు.