చర్మానికి మాట వచ్చిన రోజు

ఒకప్పుడు మనిషి చర్మం ఏమీ చెప్పేది కాదు.

చెట్లు మాట్లాడేవి. వాగులు మాట్లాడేవి. గాలి అయితే నోరు మూసేదే కాదు. ఒంట్లోంచి చిందిన నెత్తురు కూడా మాట్లాడేది. చర్మానికి మాత్రం నోరు లేదు. పురుగు పాకినా, పాడు ఆకు తగిలినా, ఒంటికి పడనిది ఏది తిన్నా అది కడిగిన ఇత్తడి చెంబులా మెరుస్తూనే ఉండేది. ఎర్రబడేది కాదు. ఉబ్బేది కాదు. దురద అనే మాటే ఎవరికీ తెలియదు.

అది చూసుకుని మనుషులు మురిసిపోయేవాళ్ళు. ఎనభై ఏళ్ళ ముసలాయన వీపు మీద కూడా ఒక్క మచ్చ ఉండేది కాదు మరి.

కానీ ఆ రోజుల్లో మనుషులు ఉన్నట్టుండి కూలిపోయేవాళ్ళు. పొద్దున్న నవ్వుతూ తిరిగిన మనిషి మధ్యాహ్నానికి ఊపిరాడక పడిపోయేవాడు. ఎందుకు పడ్డాడో ఎవరికీ అంతుచిక్కేది కాదు.

ఒక కొండవాలులో పదిహేను ఇళ్ళ గూడెం ఉండేది. అందులో పండమ్మ, జోగయ్య అని ఆలుమగలు. వాళ్ళ పెద్దకూతురు అలాగే పోయింది. ఆరేళ్ళ పిల్ల. వాగులో ఆడుకుని వచ్చి, గడప మీద కూర్చుని, పక్కకి ఒరిగిపోయింది. ఒంటి మీద గోటి గీత కూడా లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నిద్రపోతున్నట్టే ఉంది అన్నారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా పండమ్మ చేస్తున్న పని ఆపేసి కాసేపు ఊరికే నిలబడిపోయేది.

ఇప్పుడు వాళ్ళకి మిగిలింది నూకాలు ఒక్కతే. దానికి అయిదేళ్ళు.

ఒకరోజు నూకాలు తల్లితో పాటు చేనుకి వెళ్ళింది. దారిలో కాయల నిండా నూగుండే దూలగొండి తీగ కింద నుంచి వంగి దూరింది. చేను గట్టున మునగచెట్టు నీడలో పుల్లలతో ఇల్లు కట్టుకుంది. ఎండ ఎక్కాక జోగయ్య వాగులో ఎండ్రకాయలు పట్టి, నిప్పుల మీద కాల్చాడు, ముగ్గురూ తిన్నారు, నూకాలు రెండు తింది. తినగానే కాళ్ళు లాగుతున్నాయంది. తండ్రి భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేసరికి పిల్ల మెడ నిలవడం లేదు. పెదాలు తెల్లబడ్డాయి. ఊపిరి తీస్తుంటే సన్నగా ఈల వినిపిస్తోంది.

ఆ ఈల పండమ్మ ఇంతకు ముందు విన్నదే.

గూడెంలో మందులు తెలిసిన మనిషి పోలమ్మవ్వ ఒక్కతే. జోగయ్య పరుగున వెళ్ళి ఆమెను తీసుకొచ్చాడు. అవ్వ పిల్లని చాప మీద పడుకోబెట్టి, జుట్టు ముడి దగ్గర నుంచి అరికాళ్ళ దాకా తడిమింది. బోర్లా తిప్పి చూసింది. చంకలు చూసింది. వేళ్ళ సందులు చూసింది. చర్మం నున్నగా, చల్లగా, ఏమీ జరగనట్టే ఉంది.

అవ్వ మూట విప్పింది గానీ మందు తీయలేదు.

"తగిలిన విషానికి ఒక మందు, కుట్టిన విషానికి ఇంకొకటి, తిన్నదానికి మరొకటి. ఒకదానికి ఒకటి వేస్తే ఉన్న ఊపిరి కూడా పోతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా నేను చెయ్యి పెట్టను పిల్లా," అంది పండమ్మతో.

ఎంతసేపు ఆగగలదని జోగయ్య అడిగాడు. అవ్వ గుమ్మంలోకి చూసింది. ఇంటి నీడ అప్పుడే వాకిట్లో రోలు దాకా వచ్చింది. ఆ నీడ రోలు దాటేలోపు తెలియాలి అంది.

పండమ్మ లేచి పరుగెత్తింది.

ముందు దూలగొండి దగ్గరికి వెళ్ళింది. నీ నూగు నా బిడ్డ మీద పడిందా అని అడిగింది. గాలి వీచినప్పుడల్లా నా నూగు రాలుతూనే ఉంటుంది, ఎవరి మీద పడిందో నేను చూడను, అంది దూలగొండి. వాగుని అడిగితే, ఎండ్రకాయలు నావే గానీ అవి మీరు ముగ్గురూ తిన్నారు కదా అంది. ఇద్దరికి పడిన తిండి మూడో మనిషికి పడకపోవచ్చు, అది కడుపు లోపలి సంగతి, నాకెలా తెలుస్తుంది అని పారిపోయింది. మునగచెట్టు కొమ్మల నిండా పురుగులే. ఏది ఎప్పుడు జారిందో లెక్కపెట్టుకోలేదని అది కూడా తప్పించుకుంది.

"ఆ పిల్ల చర్మానికి తప్ప ఇంకెవరికీ తెలియదు," అంది మునగచెట్టు. "దానికేమో నోరు లేదు."

గాలి ఎదురొచ్చి పండమ్మ చెంగు పట్టి లాగింది. తను ఇప్పుడే నూకాలు దగ్గర నుంచి వస్తున్నానని, పిల్ల గొంతులో దారి సన్నబడిపోయిందని, ఇందాక వెళ్ళినంత సులువుగా లోపలికి వెళ్ళలేకపోతున్నానని చెప్పింది. ఎప్పుడూ వాగుతూ ఉండే గాలి ఆ మాట చెప్పి ఊరుకుంది.

పండమ్మ వెనక్కి తిరిగి పరుగెత్తుతుంటే రేగుముల్లు కాలిలో దిగింది. లాగి పారేసింది. మడమ మీద ఒక నెత్తుటి చుక్క నిలిచింది. ఆ చుక్క మాట్లాడింది.

"నీ బిడ్డ చర్మం ఊరుకోలేదు తల్లీ. పొద్దుటి నుంచి అరుస్తూనే ఉంది. దాని కింద పారేది మేమే, తల్లీబిడ్డల నెత్తురు ఒకటే కాబట్టి ఆ అరుపు మాకు వినిపిస్తుంది, ఎందుకో మాత్రం అర్థం కాదు. బయటికి వినిపించే దారి లేదు, అంతే."

ఆ దారి ఎలా దొరుకుతుందని పండమ్మ అడిగింది.

కన్నతల్లి బిడ్డ గుండె మీద అరచెయ్యి వేసి చెప్పమని అడిగితే చాలు అంది నెత్తురు. అప్పుడు నెత్తురు చర్మం దాకా పొంగి రంగునిస్తుంది. ఒంట్లో నీరు వెళ్ళి చర్మాన్ని పైకి లేపుతుంది. నరాలు సలుపుతాయి. చూసేవాళ్ళకి ఎక్కడో ఏదో జరిగిందని తెలుస్తుంది.

పండమ్మ అప్పుడే ఇంటి వైపు అడుగు వేసింది. నెత్తురు ఆగమంది.

"ఒక్క ఒంట్లో ఆ దారి తెరిస్తే అన్ని ఒళ్ళలోనూ తెరుచుకుంటుంది. మళ్ళీ మూయలేం. చర్మానికి చిన్నదీ పెద్దదీ తెలియదు. విషానికి అరిచినట్టే చెమటకీ అరుస్తుంది. ఒక్కోసారి మంచి తిండికి కూడా భయపడి అరుస్తుంది. పుట్టబోయే పిల్లలంతా గోక్కుని ఏడుస్తారు. ఈ నున్నటి ఒళ్ళు ఇక ఎవరికీ ఉండవు. దానికి ఒప్పుకుంటేనే అడుగు."

పండమ్మ ఇంటికి వచ్చేసరికి నీడ రోలు సగం దాటింది. నూకాలు ఈల ఆగి ఆగి వస్తోంది. జరిగింది గబగబా చెప్పింది. జోగయ్య తల అడ్డంగా ఊపాడు. గూడెం మొత్తానికి, లోకం మొత్తానికి ఈ బాధ అంటించడానికి మనమెవరం అన్నాడు. రేపు ప్రతి ఇంట్లో పిల్లలు ఏడుస్తుంటే మన పేరే చెప్పుకుంటారు అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. కూతురి కాలు ఒడిలో పెట్టుకుని, వేళ్ళు నిమురుతూనే ఆ మాటలన్నాడు.

అంతలో ఈల ఆగిపోయింది.

ఒకటి, రెండు, మూడు. ఎవరూ కదల్లేదు. నాలుగో అంకె దగ్గర పిల్ల ఛాతీ ఎగిరిపడి, మళ్ళీ ఊపిరి అందుకుంది. జోగయ్య ముఖం బూడిద రంగులోకి తిరిగింది.

"అడుగు," అన్నాడు భార్యతో. "వాళ్ళు తిడితే నన్ను తిట్టనీ."

పండమ్మ అరచెయ్యి బిడ్డ గుండె మీద పెట్టింది. "చెప్పమ్మా," అంది చర్మంతో. "ఏది తగిలిందో చెప్పు. ఎంత గట్టిగానైనా చెప్పు."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అరచేతి కింద వెచ్చబడింది. నూకాలు ఒళ్ళంతా పొద్దుటి ఎండలా ఎరుపెక్కింది. ఆ ఎరుపులోంచి అక్కడొకటి, ఇక్కడొకటి గుర్తులు లేవసాగాయి.

జోగయ్య ముందు సంతోషపడ్డాడు. వెంటనే భయపడ్డాడు. గుర్తు ఒకటి కాదు, ఎన్నో లేచాయి. చర్మానికి మాట రావడం అదే మొదలు కదా, మనసులో ఉన్నదంతా ఒక్కసారే చెప్పేస్తోంది.

పోలమ్మవ్వ పిల్లని గుమ్మం వెలుతురులోకి జరిపింది. ముసలి కళ్ళు దగ్గరగా పెట్టి చూసింది. మోచేతి మడతలో ఆవగింజలంత సన్నటి పొక్కులు. అక్కడ చెమట నిలుస్తుంది, ఇది ఉక్కకి లేచింది, పిల్లని పడగొట్టేది కాదు అంది. నడుం చుట్టూ ఎర్రటి గీత. మొలతాడు ఒరుసుకున్న చోటు, అదీ కాదు. చీలమండల మీద విడివిడిగా గుండ్రటి బొబ్బలు, మధ్యలో చిన్న చుక్క. దోమలు. కాదు. మణికట్టు దగ్గర గరుకుగా చారలు ఉంటే వాసన చూసి, ఏదో పసరు అంటుకుంది అంది. అదీ కాదు.

నీడ రోలు అవతలి అంచుకి వచ్చింది.

"కడుపు మీద ఏమీ లేదు," అని అవ్వ తనలో తను అనుకుంది. తిన్నదైతే ఒళ్ళంతా ఒకేలా లేవాలేమో, లేవకపోవచ్చునేమో. ఆమెకీ ఇది కొత్తే. కక్కించే మందు మీద చెయ్యి వేసింది. తీసింది. మళ్ళీ వేసింది.

అప్పుడు నూకాలు కదిలింది.

కళ్ళు తెరవలేదు. పెదవి విప్పలేదు. ఇంతసేపూ చాప మీద చచ్చుగా పడి ఉన్న కుడిచెయ్యి మాత్రం మెల్లగా లేచింది. గాలిలో తడబడి, వెనక్కి వెళ్ళి, మెడ వెనక జుట్టులోకి దూరింది. గోళ్ళతో గీకడం మొదలుపెట్టింది. లోకంలో మొట్టమొదటి దురద అదే.

పండమ్మ ఆ జుట్టు పైకెత్తింది. జుట్టు మొదట్లోంచి భుజం దాకా ఒక వంకర గీత. గీత పొడుగునా దద్దుర్లు, ఒకదాన్నొకటి తోసుకుంటూ చూస్తుండగానే ఉబ్బుతున్నాయి. ముట్టుకుంటే పెనంలా కాలుతున్నాయి. దగ్గరగా చూస్తే వాటిలో వెంట్రుక కన్నా సన్నటి నూగు గుచ్చుకుని మెరుస్తోంది.

గొంగళిపురుగు నడిచిన దారి అది. మునగచెట్టు మీద నుంచి జారి, జుట్టులో పడి, మెడ దిగి వెళ్ళిపోయింది.

పోలమ్మవ్వ కక్కించే మందు పక్కన పెట్టింది. పిల్ల చెయ్యి పట్టుకోమని జోగయ్యకి చెప్పింది. గీకితే నూగు ఇంకా లోపలికి దిగుతుందంది. తుమ్మజిగురు వెచ్చజేసి ఆ గీత మీద మందంగా పూసింది. ఆరగానే పండమ్మ దాన్ని ఒక్క లాగు లాగింది. నూగు సగం జిగురుకి అంటుకుని వచ్చింది. మళ్ళీ పూశారు, మళ్ళీ లాగారు. నాలుగోసారికి జిగురు శుభ్రంగా వచ్చింది. అప్పుడు అవ్వ తగిలిన విషానికిచ్చే మందు నూరి, చుక్క చుక్కగా నాలుక మీద వేసింది.

నీడ రోలు దాటింది. ముగ్గురూ పిల్ల ఛాతీ వంకే చూస్తూ కూర్చున్నారు. ఈల వచ్చింది. ఇంకా సన్నగా వచ్చింది. ఆ తర్వాత ఈల లేకుండా ఊపిరి ఒక్కటే వచ్చింది. గాలి గుమ్మంలోంచి మెల్లగా లోపలికి వచ్చి, దారి వెడల్పయిందని చెప్పింది.

నూకాలు కళ్ళు తెరిచి, మెడ మండుతోందని ఏడ్చింది. పండమ్మ బిడ్డని ఒడిలోకి లాక్కుని, ఆ ఏడుపు ఎంతసేపు సాగితే అంతసేపు అలాగే విన్నది.

పొద్దు వాలకముందే గూడెం అంతా వాళ్ళ వాకిట్లో ఉంది. వంకాయ కూర తిన్న ఒకాయన రెండు చేతులూ గోక్కుంటూ వచ్చాడు. కొత్త కంటె వేసుకున్నామె మెడ చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. చంటిపిల్లాడి తొడల మీద ఎర్రటి ఒరుపు చూసి వాళ్ళ నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది. ఇంత అందమైన ఒళ్ళు పాడుచేశావని అందరూ పండమ్మని తిట్టారు. జోగయ్య ముందుకొచ్చి, ఒప్పుకున్నది నేనని చెప్పాడు. అతన్నీ తిట్టారు.

జిగురు లాగి లాగి పండమ్మ అరచేతులు కూడా పొక్కి మండుతున్నాయి. ఆ చేతులతోనే చంటిపిల్లాడిని అందుకుని, అవ్వకి చూపించింది. తడి గుడ్డ ఒరుసుకుంది, ఆరనిస్తే తగ్గుతుంది అంది అవ్వ. కంటె తీసేయమని, వంకాయ మానేయమని చెప్పింది. ఒక్కొక్కరే వరసలోకి వచ్చి కూర్చున్నారు. తిట్టడం ఆపలేదు గానీ, చేతులు మాత్రం చాచి చూపించారు.

చివర్న వచ్చిన ఒక కుర్రదాని ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, గొంతు పూడుకుపోతోంది. అందర్నీ పక్కకి జరగమని అవ్వ ముందు ఆమెను పట్టుకుంది. ఎండ్రకాయలు తిన్నానని ఆమె సైగ చేసింది. ఈసారి అవ్వ కక్కించే మందు తీయడానికి తడుముకోలేదు. ఆ అమ్మాయికి ఊపిరి తిరిగాక వాకిట్లో తిట్లు ఆగిపోయాయి.

అప్పటినుంచే మన ఒంటికి పడనిది తగిలినా, కుట్టినా, కడుపులోకి వెళ్ళినా చర్మం ఎర్రబడుతుంది, దద్దుర్లు లేస్తాయి, దురద పుడుతుంది. చెమటకీ అరుస్తుంది, విషానికీ అరుస్తుంది. ఏది చిన్నదో ఏది పెద్దదో దానికి ఈనాటికీ తెలియదు. అందుకే పిల్లలు వీపు గోక్కుంటూ వస్తే అమ్మలు చొక్కా పైకెత్తి, వెలుతురులోకి తిప్పి, అది ఏం చెబుతోందో దగ్గరగా చూస్తారు.