ఎస్తేరమ్మ మోకాలు

ప్రసంగం నేర్చుకోవడానికి వచ్చిన మాకు దేవవరం అయ్యగారు వాక్యం ఎంతైనా చెప్పేవారు గాని, ఒకరి భక్తి గురించి ఎన్నడూ మాట ఎత్తేవారు కారు. మాలో ఆశీర్వాదం అప్పుడే సంఘంలో ప్రార్థన నడిపించడం మొదలుపెట్టాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా, ఒకనాడు అడగనే అడిగాడు.

"అయ్యగారూ, అందరూ కళ్లు మూసుకునే ఉంటారు. వాళ్లలో నిజంగా ప్రార్థనలో ఉన్నదెవరో, లేనిదెవరో ఎలా పోల్చుకోవాలండీ?"

అయ్యగారు ఇరవై ఏళ్ల కిందట తాను కొత్తగా పాస్టరైన నాటి సంగతి చెప్పారు.

ఆ సంఘంలో ఎస్తేరమ్మ అని వరినాట్లకు వెళ్లే మనిషి ఉండేది. అందరూ మోకాళ్లూని ప్రార్థిస్తుంటే ఆమె చాప మీద కుడికాలు చాపుకొని కూర్చునేది. మోకాలు నొప్పని ఒకసారి చెప్పింది కూడా. చూస్తే దెబ్బ లేదు, వాపు లేదు. పొద్దస్తమానం పొలంలో వంగే మనిషికి మందిరంలోనే నొప్పొచ్చిందా అని ఆయనకు ఒళ్లు మండింది. ఆదివారం అందరి ముందూ అనేశారు: "దేవుడి ముందు కాళ్లు చాపే రోజులొచ్చాయి!"

పై ఆదివారం ఎస్తేరమ్మ మోకాళ్లూనింది. ఆయన పంతం కొద్దీ ప్రార్థన సాగదీశారు. రోగుల కోసం, వానల కోసం, ఏలికల కోసం, ఎవరినీ వదల్లేదు. ఆమేన్ అన్నాక అందరూ లేచారు గాని ఆమె లేవలేకపోయింది. ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు పట్టి లేపారు.

ఆస్పత్రిలో స్కానింగు తీస్తే బయటపడింది. మోకాలిచిప్ప కిందుండే స్నాయువు లోపల చింతగింజంత నీటితిత్తి. పైకి కనబడదు, నేలకు ఆనిస్తే మాత్రం ప్రాణం తోడేస్తుంది. "ఈ కాలితో మోకాళ్ల మీద ఎవరు కూర్చోమన్నారమ్మా?" అని డాక్టరు కసిరాడు. "ఎవరూ అనలేదండీ, నేనే" అంది ఎస్తేరమ్మ. తరవాత వెంట వచ్చిన పాస్టరుగారి వైపు తిరిగి మెల్లగా అంది. "మధ్యలో ఒకసారి మూలిగానండి. ప్రార్థన చెడిందేమో, క్షమించండయ్యగారూ."

ఆపరేషనైంది, నొప్పి తగ్గింది. ఆ ఏడు నాట్లు మాత్రం ఆమెకు దక్కలేదు. ఇదంతా చెబుతున్నంతసేపూ అయ్యగారు మా మొహాలు చూడలేదు.

"తెలియక జరిగిందే కదండీ" అన్నాడు ఆశీర్వాదం.

"ఇరవై నిమిషాలు చేశాను నాయనా ఆ ప్రార్థన. ఆమె ఇంకా మోకాళ్ల మీదే ఉందా అని మధ్యలో రెండుసార్లు కళ్లు తెరిచి చూశాను" అన్నారు అయ్యగారు.